వరుస కట్టుట

సరళీస్వరములతో మొదలిడి, జంటస్వరములను, అలంకారములను దాటి, పిళ్ళారిగీతములు, స్వరజతులు, వర్ణములు ముగించి, కృతులను చేరుకొను ఆ దీర్ఘాభ్యాసమున 'ఇక నీవే యొక వరుస కట్టుము' అని చెప్పు పాఠ మొక్కటియు లేదు. ఇది నన్ను చిరకాలముగా బాధించుచున్నది. ఒకరి రచనను తప్పులేక పాడుటను ఏండ్ల తరబడి నేర్పుదుము. రచించుట మాత్రము పూర్వజన్మసుకృతమని చేతులు దులుపుకొందుము. నేర్పనిదానికి శిక్షణ అవసరమా యని యడుగుట వెర్రిప్రశ్నగా తోచవచ్చును గాని, గురువులేని విద్య గుడ్డివిద్య యని తీర్పు చెప్పువారే ఆ విద్యను నేర్పక విడిచినవారు గదా!

మా మేనత్త సంగీతము నేర్చుకొనలేదు. నోములకు, పెండ్లిండ్లకు హారతిపాటలు కట్టెడిది. మాటలును ఆమెవే, వరుసలును ఆమెవే. ఒక శ్రావణ శుక్రవారమునాడు, మా యింటి ఆడపిల్లలకు పాఠము చెప్పవచ్చిన మాస్టరుగారు, లోపల ఆమె పాడుచుండగా విని, చేతిలోని వక్కపలుకు నోట వేసికొనుట మరచి, గడపదాక వచ్చి నిలిచిరి.

"ఆనందభైరవి! ఎవరు నేర్పారమ్మా మీకు ఈ వరుస?"

"ఒకరు నేర్పేదేముందండీ? పాటకి అదే వచ్చింది."

మరల పాడుమని, తొడపై తాళము వేయుచు ఆయన వినిరి. పల్లవి చివర వేరొక దారి పట్టినది. మూడవమారు ఇంకొక దారి. "ఇందాక ఇలా లేదే" అని ఆయన యనగా, "అదేనండీ ఇదీ" అని అత్తయ్య నిశ్చింతగా బదులు చెప్పెను. అప్పుడాయన ఆ మూడు పోకడలను స్వరములలో పట్టి, ఆమెకే వినిపించి, కదలిక తక్కువయిన దానిని ముందుంచి, తారషడ్జమును తాకివచ్చు దానిని కడపట పెట్టినచో త్యాగయ్యగారి కృతులలో వలె చక్కని సంగతులగునని వివరించిరి. అత్తయ్య ఓపికగా విన్నది. "ఏది ముందొస్తే ఏమిటండీ, కర్పూరం ఆరిపోయేలోగా పాట అయిపోవాలి గాని" అన్నది.

ఆ మాటను చాలకాలము అశిక్షితప్రతిభ సాధించిన విజయముగా తలపోసితిని. ఇప్పుడంత నిశ్చయముగా చెప్పలేను. కల్పనలో ఆమెకు లోటు లేదు, లేనిది క్రమము. ఒక పలుకును నిలిపి పట్టుకొని, 'ఇది బాగున్నది గాని ఇప్పుడు కాదు' అని పక్కకు పెట్టవలెనన్న దానికొక పేరుండవలెను. ఆ పేరే స్వరము. అది తెలియనివాడు కట్టగలడు గాని, కట్టినదానిని విప్పి మరల కట్టలేడు.

ఈ వాదము ఇచ్చటనే నాకు అడ్డము తిరుగును. అన్నమాచార్యుని సంకీర్తనలు చెక్కిన రాగిరేకులలో ప్రతి పాటకును రాగము పేరున్నది. ఆయన పాడిన వరుస మాత్రము మనకు చేరలేదు, నేడు మనము వినునవి చాలవరకు ఈ కాలపువారు కట్టినవి. స్వరమన నేమో ఎరుగని మా అత్తయ్య హారతిని ఆమె కోడండ్రు నేటికిని ఇంచుమించుగా అట్లే పాడుచున్నారు. పైగా ఆమెను అశిక్షిత యనుట మన సోమరితనము. వంకరలెక్కువైన చోట పేరంటాండ్రు గొంతు కలిపెడివారు కారు. వారు కలపని వంకర మరుసటి నోమునాటికి పాటలో ఉండెడిది కాదు. ఏ విద్వత్సభయు ఇంత కఠినముగా పరీక్షింపదు.

ఆదిభట్ల నారాయణదాసుగారు గురుముఖమున నేర్చినది స్వల్పము, స్వయంకృషియే అధికము. 1919లో విజయనగరమున సంగీత పాఠశాల ఏర్పడినపుడు దాని కధ్యక్షు డాయనయే! 90 రాగములను ఒక్క రచనలో కూర్చిన మనిషికి శాస్త్రము తెలియదని ఎవరందురు? కాని ఆయన విషయమున శాస్త్రము ఆకలివెంట వచ్చిన యన్నము. కావున మొదట కట్టి, పిదప నేర్చుకొనుట మేలని ఒక సిద్ధాంతము చేసికొని కొన్నాళ్ళు సంతోషించితిని. దానికి త్యాగరాజే అడ్డు నిలిచెను: శొంఠి వేంకటరమణయ్యగారివద్ద సంప్రదాయానుసారముగా నేర్చిన ఆయనకు కల్పన ఇంకిపోలేదు.

ఇంకిపోయినది మా మాస్టరుగారికి. అత్తయ్య పోకడలను క్షణములో సంగతులుగా అమర్చిన ఆ మనిషి తనదిగా ఒక్క వరుసయైనను ఏల కట్టలేదో ఒకమారు సాహసించి యడిగితిని. ఆయన కోపగింపలేదు.

"కూచున్నాను నాయనా, చాలాసార్లు. కట్టేలోగానే తప్పు వినబడుతుంది."

ఆ తప్పు త్యాగరాజునకును వినబడియే యుండవలెను. మాస్టరుగారికంటె ముందుగానే, ఇంకను స్పష్టముగానే వినబడి యుండవలెను.