పౌలు కూర్చున్న పంక్తి

బిడ్డా,

మొన్న ఆదివారం పక్కింటివాళ్లు శామీర్‌పేట కట్టమైసమ్మ దగ్గర యాటను కోసి దావత్ చేసుకున్నారట. పొద్దుగూకినాక మనింటికి గిన్నెలో కూర పంపితే, నువ్వు గడప దగ్గరే ఆపి, "మేం తినం ఆంటీ, ఇది విగ్రహాలకు అర్పించింది" అని తిప్పి పంపావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అదే వారం మీ పిన్ని కూతురితో కూడా గొడవ పెట్టుకున్నావని తెలిసింది. బొట్టు పెట్టుకుని కోచింగ్‌కు పోతోందనీ, తన దగ్గర ఎస్సీ సర్టిఫికెట్ ఉందనీ, అదేం విశ్వాసమనీ నలుగురిలో అడిగావట.

కోప్పడటానికి రాయడం లేదు. నల్సార్‌లో అంత లా చదువు చదువుతూ కూడా ప్రార్థన కూటం మానకుండా, గలతీయులకు రాసిన పత్రికను పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదువుతున్నావంటే ఈ తాతకు సంతోషమే. అయితే ఆ పత్రికలో నీ చదువుకు సంబంధించిన వాదం ఒకటుంది, దాన్ని దాటిపోయావేమోనని నా అనుమానం.

మూడో అధ్యాయం తియ్యి. అక్కడ పౌలు అచ్చం వకీలులా మాట్లాడతాడు. ఒక మనిషి ఖరారు చేసిన ఒడంబడికను కూడా తర్వాత ఎవరూ కొట్టివేయలేరు, కొత్త షరతులు చేర్చలేరు గదా అంటాడు. దేవుడు అబ్రాహాముకు వాగ్దానం చేశాడు. ధర్మశాస్త్రం వచ్చింది 430 ఏళ్ల తర్వాత. తర్వాత వచ్చింది ముందున్న వాగ్దానాన్ని ఎట్లా రద్దు చేస్తుంది? రోమీయులకు రాసినప్పుడు ఇదే వాదాన్ని ఇంకొంచెం బిగించాడు. అబ్రాహామును దేవుడు నీతిమంతుడిగా ఎంచింది సున్నతి ముందా, తర్వాతా అని అడుగుతాడు. ఆదికాండంలో చూడు: నమ్మింది 15వ అధ్యాయంలో, సున్నతి పొందింది 17లో. కేసు తేలిపోయింది. ధర్మశాస్త్రం చెడ్డదని పౌలు ఎక్కడా అనలేదు, పరిశుద్ధమైనదనే అన్నాడు. దాని పనికి ఒక హద్దు పెట్టాడు, అంతే. పాతకాలపు రోము కలవారి ఇళ్లలో పిల్లవాణ్ని బడికి తీసుకుపోయి, అదుపులో పెట్టడానికి ఒక దాసుడు ఉండేవాడు. పిల్లవాడు పెద్దయ్యాక ఆ దాసుడికి వాడి మీద అధికారం ఉండదు. ధర్మశాస్త్రం అట్లాంటిదన్నాడు పౌలు.

ఇదంతా నీకు తెలుసు. నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. ఇంత పెద్ద వాదం ఎక్కడ పుట్టిందో చూశావా? అన్నం దగ్గర.

రెండో అధ్యాయం. ఊరు అంతియొకయ. పేతురు అక్కడికి వచ్చి యూదులు కాని విశ్వాసులతో కలిసి భోంచేస్తున్నాడు. ఇంతలో యెరూషలేము నుంచి, యాకోబు దగ్గర నుంచి కొందరు దిగారు. పేతురు మెల్లగా పంక్తిలోంచి లేచి వేరే కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి మిగతా యూదులూ లేచారు. బర్నబా అంతటివాడు కూడా లేచాడు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. మనుషులు నీతిమంతులయ్యేది ధర్మశాస్త్ర క్రియల వల్ల కాదు, క్రీస్తు మీద విశ్వాసం వల్లనే అన్న మాట ఆ పత్రికలో మొట్టమొదట వచ్చేది ఈ భోజనాల గొడవ చెప్పిన వెంటనే! లూథర్ ఆ మాటను పట్టుకున్నాడు. ఆయన రోమా పత్రికకు రాసిన ముందుమాటను 1738 మే 24న లండన్‌లో ఎవరో చదువుతుంటే విని వెస్లీ మారిపోయాడు. ఆ వెస్లీ పేరు మీద మిషనరీలు మన వైపు వచ్చారు, పాస్నెట్ దొర మెదక్ గుడి కట్టించాడు, 1924 క్రిస్మస్ నాడు దాన్ని ప్రతిష్ఠించారు. 1947 సెప్టెంబర్ 27న ఆ సంఘాలు సి.ఎస్.ఐ.లో కలిశాయి. మన మేడ్చల్ చర్చి పుట్టుక చెప్పాలంటే ఎక్కడో అంతియొకయలో ఒకాయన పంక్తిలోంచి లేవడం దగ్గర మొదలుపెట్టాలి.

పంక్తిలోంచి లేవడమంటే ఏమిటో మనకు ఎవరూ వ్యాఖ్యానం చెప్పనక్కర్లేదు. మన తాతలు ఊరవతల వాడలో ఉన్నారు. మనం ముట్టిన కుండను ఎవరూ ముట్టలేదు. హోటల్లో మన గ్లాసు వేరే, కడుక్కోవాల్సింది మనమే. గొప్పోళ్ల పెళ్లిలో అందరూ తిన్నాక ఇస్తరాకు పట్టుకుని దూరంగా కూర్చున్నవాళ్లం. ఇయ్యాల పక్కింటామె తన పొయ్యి మీద వండిన కూర తన చేత్తో తెచ్చి మన గడపలో నిలబడింది. రెండు తరాల కింద జరిగే పని కాదిది. ఆమెకు ఆ లెక్క తెలిసి చేసిందని నేను అనుకోను, మంచి మనసుతో తెచ్చింది. తెచ్చినామెకు మనం ఏమని జవాబు చెప్పాం? నీ ఇంటి కూడు మేం ముట్టమని. మాట మన నోట్లోంచి వచ్చింది గానీ మనది కాదు. మన తాతల మీద వాడిన మాట అది.

నువ్వు ఊరుకోవని తెలుసు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం తీస్తావు. యెరూషలేము పెద్దలు విగ్రహాలకు అర్పించినవాటిని మానమని రాశారు గదా, అది కొత్త నిబంధనలోనే ఉంది గదా అంటావు. ఉంది. ఆ ఉత్తరం అంతియొకయ, సిరియ, కిలికియ సంఘాలకు రాసింది. అదే ప్రశ్న కొరింథులో లేచినప్పుడు పౌలు ఆ తీర్మానాన్ని చూపించి "చూడండి, ఆర్డరు వచ్చింది" అని ముగించలేదు. మూడు అధ్యాయాలు కూర్చుని ఓపిగ్గా రాశాడు. నియమం ఒకటి చేతిలో పెడితే తల నొప్పి తగ్గుతుంది, మనకైనా వాళ్లకైనా. ఆయన ఆ పని చేయలేదు.

కొరింథు సంగతి మనూరి సంగతికి ఎంత దగ్గరో చూడు. అక్కడి గుళ్లలో భోజనశాలలు ఉండేవి. తవ్వకాల్లో ఆ గదులు బయటపడ్డాయి. పెళ్లి, పుట్టినరోజు, మొక్కు తీర్చుకోవడం, అన్నీ అక్కడే. బలి ఇచ్చిన మాంసం కొంత అంగట్లోకీ వచ్చేది. బజార్లో కొన్న ముక్క ఏ గుడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు? పౌలు మూడు విషయాలను విడదీశాడు. గుడిలో, ఆ దేవత పూజలో భాగంగా కూర్చుని తినడం కుదరదన్నాడు. ప్రభువు బల్లలోనూ ఆ బల్లలోనూ పాలు పొందలేవన్నాడు. బజార్లో అమ్మేది మాత్రం అడక్కుండా తినమన్నాడు, భూమీ దానిలో ఉన్నదంతా ప్రభువుదే గదా అని. నమ్మనివాళ్లు ఇంటికి భోజనానికి పిలిస్తే, పోవాలనిపిస్తే పొమ్మన్నాడు. పెట్టింది తినమన్నాడు, ఆరా తీయవద్దన్నాడు. ఇది బలి ఇచ్చిందని ఎవరైనా చెబితే మాత్రం తినవద్దన్నాడు. ఎందుకట? నీ మనస్సాక్షి కోసం కాదు, చెప్పినవాడి మనస్సాక్షి కోసం. ఈ ముక్కను మన బోధకులు చాలామంది గబగబా దాటేస్తారు.

మనూరికి దీన్నెట్లా వర్తింపజేస్తానంటే, ఇది నా బుద్ధికి తోచింది, వేరే పెద్దమనిషి ఇంకోలా చెప్పవచ్చు. కట్ట మీద అమ్మవారి ముందు నైవేద్యం పెట్టి పంచుతుంటే మనం అందులో కూర్చోం. అది మా నాయన కూడా చేయలేదు. ఇంటికి గిన్నె వచ్చి, ఇచ్చినామె ఏమీ అనకపోతే, రెండు చేతులా తీసుకో, దేవునికి స్తోత్రం చెప్పు, తిను. "అమ్మవారి ప్రసాదం, కళ్లకద్దుకుని తిను బిడ్డా" అని ఆమె నోటితోనే అంటే తినకు. కానీ ఆమెను గడపలోంచి పంపకు. లోపలికి పిలువు, కుర్చీ వెయ్యి, "మేం ఏసయ్యను నమ్ముకున్నోళ్లం ఆంటీ, మీ ప్రేమ తీసుకుంటా, ఇది మాత్రం నాతో కాదు" అని చెప్పి టీ పెట్టివ్వు. మనింట్లో ఆ రోజు మీ కూటంలోకి కొత్తగా వచ్చిన పిల్ల ఉందనుకో. నిన్నమొన్నటి దాకా ఆ అమ్మవారికే బోనమెత్తిన పిల్ల. నువ్వు తింటే ఆమె మళ్లీ ఆ భయంలోకి జారిపోతుందనిపిస్తే, ఆమె కోసం మానుకో. తన తిండి వల్ల తమ్ముడు పడిపోయేటట్టయితే జన్మలో మాంసమే ముట్టనన్నాడు పౌలు. స్వాతంత్ర్యం ఉన్నవాడే అంత మాట అనగలడు. నియమం ఉన్నవాడు మానుకుంటే తన కోసం మానుకుంటాడు.

మొన్న మన గుమ్మంలో ఆ కొత్త పిల్ల ఉందా? లేదు. పక్కింటామె, నువ్వు, మీ అమ్మ. అంతే గదా?

ఇది కొత్త చిక్కు అనుకోకు. మన మెదక్ డయాసిస్ పల్లెల్లోనే లూక్, కార్మన్ అనే ఇద్దరు తిరిగి, క్రైస్తవులు ఊరి పండగల మధ్య ఎట్లా బతుకుతున్నారో చూసి పుస్తకం రాశారు. 1968లో అచ్చయింది. మీ లైబ్రరీలో దొరికితే చదువు. దొరకకపోతే మన చుట్టాల్ని అడుగు, అదే పుస్తకం.

ఇంకో సంగతి. పౌలు తీతుకు సున్నతి చేయించడానికి ఒప్పుకోలేదు. తిమోతికి తనే చేయించాడు. మనిషి ఒకడే, బోధ ఒకటే. తీతు విషయంలో కొందరు వచ్చి, ఇది లేకపోతే వీడు పూర్తి విశ్వాసి కాడని పట్టుబట్టారు, అందుకని ఒక్క అంగుళం వదలలేదు. తిమోతి విషయంలో అట్లాంటి పట్టు లేదు, యూదుల మధ్య పని సాగాలి, అందుకని ఒప్పుకున్నాడు. బొట్టు, పూలు, గాజులు, సినిమా, శనివారమా ఆదివారమా, దశమ భాగం జీతం మొత్తం మీదా చేతికొచ్చిన దాని మీదా అని మీ కూటంలో రోజూ నడిచే చర్చలన్నీ ఈ కొలతతో చూడు. మన ఆడవాళ్లలో ఎక్కువమంది బొట్టు పెట్టుకోరు, మీ నాయనమ్మా పెట్టుకోలేదు. అది మన అలవాటు, సాక్ష్యం కూడా. మంచిదే. బొట్టు లేని పిల్లే విశ్వాసి అన్నరోజు మాత్రం మనం తీతు చుట్టూ మూగినవాళ్ల వైపు చేరిపోతాం. కృప ఉంది గదా అని ఇష్టం వచ్చినట్టు పాపం చేయవచ్చా అని నువ్వు అడిగేలోపే పౌలు రోమా పత్రిక ఆరో అధ్యాయంలో తనే అడిగి, తనే కాదన్నాడు. కాబట్టి ఆ అనుమానం నా మీద పెట్టుకోకు.

ఇక పిన్ని కూతురి మాట. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, అందులోని మూడో పేరా నీకు నాకంటే బాగా తెలుసు. హిందువు కాని వాడు ఎస్సీ కాడన్నారు. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనల్ని చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవులైన ఎస్సీలను బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. బాప్తిస్మం పొందగానే వాడ మారదు, ఇంటి పేరు మారదు, అవతలివాడి చూపు మారదు, కాగితం మాత్రం మారిపోతుంది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు పుదుచ్చేరి అమ్మాయి ఎస్సీ సర్టిఫికెట్ కేసులో చెప్పిన తీర్పు నువ్వు చదివే ఉంటావు. ఆ సర్టిఫికెట్ చట్టం ముందు నిలుస్తుందా లేదా అన్నది ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, చదువుకున్న అక్కగా వివరంగా చెప్పు, ముప్పు ఉంటే ఉందని చెప్పు. నేను అబద్ధాన్ని వెనకేసుకు రావడం లేదు. కానీ ఆమె విశ్వాసానికి నువ్వు జడ్జివి కావు. పరుల సేవకుణ్ని తీర్పు తీర్చడానికి నువ్వెవరని పౌలు రోమా సంఘాన్ని అడిగింది కూడా తిండి దగ్గర, పండగ రోజుల దగ్గర వచ్చిన గొడవల్లోనే.

మన చర్చిలో అసలైన అంతియొకయ వేరే ఉందని నా బాధ. ఒకే కప్పులో ద్రాక్షరసం తాగుతాం. పెళ్లి సంబంధం అనేసరికి మాల ఎవరు, మాదిగ ఎవరు అని లెక్కలు తీస్తాం. కమిటీ ఎన్నికలప్పుడు చూడాలి ఆ లెక్కలు! నీకు కోపమే రావాలంటే దాని మీద రావాలి. పౌలు పేతురు మీద అరిచినట్టు అందరి ముందూ అరిచినా నేను నీ పక్కన నిలబడతా. నీకు ఈ మధ్య వచ్చిన సంబంధం గురించి మీ పెద్దమ్మ ఏమందో, నువ్వేం జవాబు చెప్పావో నాకు తెలుసు. ఆ జవాబు బాగుంది.

వచ్చే శనివారం హాస్టల్ నుంచి వచ్చేటప్పుడు బస్సు దిగి ముందు పక్కింటికి పో. పెద్ద క్షమాపణలేం చెప్పకు, ఆమెకు ఇబ్బంది అవుతుంది. ఈస్టర్‌కు మనం చేసిన బిర్యానీ ఆమెకు నచ్చిందట, మళ్లీ ఎప్పుడు చేస్తారని మీ అమ్మను అడిగిందట. మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక వండుదాం, వాళ్లింటిల్లిపాదినీ నువ్వే పిలువు. పిన్ని కూతురికి మాత్రం శనివారం దాకా ఆగకు, ఈ రాత్రికే ఫోన్ చెయ్. ఆ పిల్లకు గ్రూప్స్ పరీక్ష దగ్గర పడింది, పాలిటీ పేపరు అర్థం కావడం లేదని ఏడుస్తోందట. రాజ్యాంగం చెప్పడానికి మనింట్లో నీకంటే ఎవరున్నారు?

మీ తాత