పట్టుబడ్డాక

'అల్లూరి సీతారామరాజు' (1974) మా అమృతలూరు వాళ్లకి సొంత సినిమా లాంటిది. రాజు వేషం వేసిన కృష్ణది తెనాలి పక్కన బుర్రిపాలెం. రూథర్‌ఫర్డ్ వేషం వేసిన జగ్గయ్యదీ తెనాలి వైపే. "రాజూ మనోడే, దొరా మనోడేరా" అని మా తాతయ్య నవ్వేవాడు. టీవీలో ఎన్నిసార్లు వచ్చినా నేను చివరి ఘట్టం కోసమే కూర్చునేవాణ్ణి. రాజు దొర ఎదురుగా నిలబడి మాట్లాడతాడు. దొర వింటాడు. ఆ తర్వాతే తుపాకులు పేలతాయి.

చరిత్రలో ఆ సీన్ లేదని ఇంజనీరింగ్ చదివే రోజుల్లో తెలిసింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలై, దాదాపు రెండేళ్లు మన్యంలో ప్రభుత్వానికి నిద్ర లేకుండా చేసిన మనిషి 1924 మే 7న పట్టుబడ్డాడు. కొయ్యూరులో మేజర్ గుడాల్ దగ్గరికి తెచ్చారు. అదే రోజు కాల్చి చంపారు. పారిపోబోతుంటే కాల్చామన్నది అధికారులు చెప్పిన మాట. కోర్టు లేదు, వాదన లేదు.

ఫాంటసీ నవలల పిచ్చి ఉన్నవాళ్లకి ఈ ఘట్టం బాగా తెలుసు. పరాయి ప్రభువు ఏలే నగరం, సంకెళ్లలో ఒక తిరుగుబాటుదారు. అతన్ని చెరసాల్లోనే చంపేస్తే కథకుడికి పని తేలికే. అయినా చాలాసార్లు దర్బారుకి తీసుకొస్తాడు. మన సినిమా చేసిందీ అదే. పట్టుబడినవాడికి తన మాట చెప్పుకునే హక్కు ఉందని కథలు చెప్పేవాళ్లకి తెలుసు. ఆ హక్కు చరిత్ర ఇవ్వకపోతే వాళ్లే ఇచ్చేశారు.

కానీ అదే పోరాటంలో పట్టుబడి బతికినవాడు ఒకాయన ఉన్నాడు. గాం మల్లుదొర, గంటందొర తమ్ముడు. 1923 సెప్టెంబర్‌లో దొరికాడు. ఆయన్ని విచారించారు, శిక్ష వేశారు, అండమాన్ పంపారు. తర్వాత విడుదలై, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి వెళ్లాడు. తెల్లదొరల జైల్లో మగ్గిన మన్యం మనిషి స్వతంత్ర దేశపు పార్లమెంటులో కూర్చున్నాడు. నా ఫ్రెండ్స్‌లో ఈయన పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ విచారణ న్యాయంగా జరిగిందని నేననను. చట్టం వాళ్లది, జడ్జీ వాళ్ల మనిషే. అయినా చెడ్డ కోర్టుకీ కోర్టు లేకపోవడానికీ మధ్య ఒక మనిషి బతుకంత తేడా ఉంది. కోర్టులో నేరం ఏమిటో చెప్పాలి, జవాబు వినాలి, రాసుకోవాలి. దానికి టైమ్ పడుతుంది. ఆ టైములో ఏలేవాళ్లు మారొచ్చు, తప్పు బయటపడొచ్చు. తూటా ఆ దారులన్నీ ఒకేసారి మూసేస్తుంది.

ఇంతవరకు రాయడం సులువే, ఎందుకంటే రాజు మనవాడు. 2019 డిసెంబర్ 6 పొద్దున నేను ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను. పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపిన కేసులో నిందితులు నలుగుర్నీ షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసులు కాల్చేశారని ఫోన్లో వచ్చింది. క్యాబ్‌లో చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా కాలేజీ గ్రూపులో చప్పట్ల బొమ్మలు కూడా పెట్టాను. ఆయుధాలు లాక్కున్నారు, పారిపోబోయారు అని పోలీసులు చెప్పారు. 'పారిపోబోయారు' అన్న మాట ఎక్కడో విన్నట్టుందని ఆ రోజు నాకు అనిపించలేదు.

సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. పోలీసుల కథనం నమ్మశక్యంగా లేదనీ, చంపాలనే కాల్చారనీ తేల్చింది. ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. ఆ మైనర్ల విషయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. విచారణ జరిగి ఉంటే ముందే తేలాల్సిన సంగతి అది. నేను చప్పట్లు కొట్టింది అది తేలకుండా పోయినందుకు కూడా.

రాజునీ వాళ్లనీ ఒకే గాటన కడుతున్నావా అని ఎవరైనా అడగొచ్చు. లేదు. రాజు ఒక జాతి కోసం నిలబడ్డాడు. వీళ్ల మీద ఉన్నది ఘోరమైన నేరారోపణ. నేను పోల్చేది పట్టుబడినవాళ్లని కాదు, పట్టుకున్నవాళ్లని. చేతికి చిక్కినవాణ్ణి చంపి, పారిపోబోయాడని చెప్పే అధికారం కొయ్యూరులో తప్పయితే చటాన్‌పల్లిలోనూ తప్పే. గుడాల్ దృష్టిలో రాజు కూడా విచారణ అక్కర్లేనంత దుర్మార్గుడే అయి ఉంటాడు. విచారణ ఎవరికి అక్కర్లేదో తేల్చే పని పట్టుకున్నవాడికే వదిలేస్తే మనవాడు కూడా ఆ లిస్టులోకి వస్తాడు.

మొన్న ఊరెళ్లినప్పుడు టీవీలో మళ్లీ ఆ సినిమా వచ్చింది. రాజు మాట్లాడుతున్నాడు, దొర వింటున్నాడు. నాకు తాతయ్య మాట గుర్తొచ్చింది. రాజూ మనోడే. క్యాబ్‌లో చప్పట్లు కొట్టిన దొరా మనోడే.