స్థితప్రజ్ఞుని కన్నీరు

మా తండ్రిగారు ప్రతిదినమును ప్రాతఃకాలమున భగవద్గీత ద్వితీయాధ్యాయమును పారాయణము చేసెడివారు. నాకు పదునాలుగేండ్ల ప్రాయమున పొరుగింటి పసిబిడ్డ జ్వరముచే మరణింపగా, ఆ బిడ్డను చేతులలోనికి తీసికొని ఆయన బిగ్గరగా ఏడ్చుట చూచి, అక్కడనే యున్న మా మేనమామ "బావా, ఇన్నేండ్లు గీత చదివి నేర్చుకొన్నది ఇదేనా?" అని మందలించెను. మా తండ్రిగారు బదులు పలుకలేదు. ఆ ప్రశ్న మాత్రము నాతోపాటే పెరిగినది. సుఖదుఃఖములయందు చలింపని చిత్తమునే మన పెద్దలు శ్రేష్ఠమనిరి గదా. అట్టి చిత్తము పరుల దుఃఖమునకు కంపింపవచ్చునా? కంపించినచో అది స్థిరమెట్లగును?

దీనికి సమాధానమును వెదకుటలో వేదాంతగ్రంథములు చేసినంత సాయమును నాకు భౌతికశాస్త్రమును చేసినది. లోలకమునకును తీగెకును వర్తించు నియమము ఆత్మవిషయమున ప్రమాణము కాజాలదని నేనెరుగుదును. కాని స్థైర్యమనియు చలనమనియు మనము అలవాటుగా వాడుచున్న మాటల నిగ్గు తేల్చుటకు అంతకంటె మంచి గీటురాయి నాకు దొరకలేదు.

మా యింట నొక తంబుర యుండెడిది. దాని సారణిని, అనుసారణిని ఒకే షడ్జమునకు శ్రుతిచేసి, ఒక తీగెపై చిన్న కాగితపు ముక్కను మడిచి కూర్చుండబెట్టి, రెండవ తీగెను మీటినచో, ఎవరును తాకని ఆ మొదటి తీగెపై కాగితము అదరి అదరి తుదకు ఎగిరి క్రిందపడును. శ్రుతిని తప్పించి మీటినచో నిలిచినచోటనే నిలుచును. ఇదియే అనునాదము. ప్రతి తీగెకును తనదైన సహజ పౌనఃపున్యము కలదు. బయటి ప్రేరణ ఆ లయతోనే వచ్చినప్పుడు ప్రతి తాకిడియు వెనుకటి తాకిడికి తోడై కంపనమును పెంచును. 1638లో లైడెన్ నగరమున ప్రకటితమైన తన గ్రంథమున గెలీలియో చిన్ననాడు తాను చూచిన దృశ్యమునొకదానిని వ్రాసెను: ఒక్క మనుష్యుడు అదను చూచి త్రాడు లాగుచు ఊపిన పెద్ద గంటను ఆపవలెనని నలుగురు, ఆరుగురు కలిసి పట్టుకొన్నను, ఆ గంట వారినందరిని నేలనుండి పైకెత్తినదట. ఆ లాగుడులలో ఏ ఒక్కటియు గొప్పది కాదు. విషయచింతన నుండి కామమును, కామము నుండి క్రోధమును పుట్టు క్రమమును గీతయందు చదివినప్పుడెల్ల నాకు ఆ గంటత్రాడే జ్ఞప్తికి వచ్చును. తన లయకు సరిపడిన చిన్న తలపును మనస్సు మరల మరల తలచి, ఆపవచ్చిన వివేకమునే గాలిలోని కెత్తివేయును.

అట్లయినచో చిత్తమును అసలే కదలకుండ బిగించి కట్టుటయే మార్గమని తోచును. నాకును చిరకాలమట్లే తోచినది. ఆ భ్రమను పోగొట్టినది కళాశాల ప్రయోగశాలలోని గాల్వనామీటరు. సన్నని తీగెచుట్ట యొకటి అయస్కాంతధ్రువముల నడుమ వ్రేలాడుచుండును. దానికంటిన చిన్న అద్దముపై దీపకాంతి పడి, ఎదుటి స్కేలుపై వెలుగుచుక్కయై నిలుచును. చుట్టను ఒకసారి కదలించి, వలయమును తెరచి విడిచినచో, ఆ చుక్క ఇటునటు ఎంతోసేపు ఊగుచునే యుండును. పెన్సిలు పట్టుకొని కూర్చుండి కూర్చుండి విసిగిపోయి, నేను చాల తక్కువ నిరోధముతో వలయమును మూసితిని. ఊగుట మానినమాట నిజమే; కాని చుక్క చీమవలె ప్రాకుచు శూన్యస్థానమును ఎంతకును చేరదాయెను. నా అవస్థను చూచి మా ఉపాధ్యాయులు నిరోధపు పెట్టెలోని ప్లగ్గులను ఒకటొకటిగా ఊడదీసి నిరోధమును పెంచుచు, అట్లు చుట్టపై కట్టడిని సడలించుచు పోయిరి. ఒకానొక విలువయొద్ద ఆ చుక్క ఊగకయు, ప్రాకకయు, తిన్నగా వచ్చి శూన్యముపై నిలిచినది. అంతకంటె కట్టడి తగ్గినను ఊగులాటయే, పెరిగినను ఆలస్యమే. నేను నోరు తెరచి చూచుచుండగా ఆయన మరల ఒకమారు కదలించి చూపిరి.

నిగ్రహము మితిమీరినచో శాంతి దగ్గరపడుటకు మారు దూరమగునని నాకు ఆనాడు బోధపడినది. ఉపవాసములతోడను మౌనవ్రతములతోడను మనస్సును నొక్కిపట్టియు, ఒక చిన్న అవమానమును పదేండ్లు మోసిన సాధకులను ఆ తరువాత నేను చూచితిని. పాదములు చిట్లి నెత్తురు కారునంతగా తపస్సు చేసి నిరాశపడిన సోణుడను భిక్షువునకు, అతడు పూర్వము వీణ వాయించినవాడగుటచే, బుద్ధభగవానుడు తీగెల బిగువునే ఉపమానముగా చెప్పెను. బిగువు మించరాదు, వదులును కారాదు. కాని వీణ మ్రోగవలెను. ఈ తుదిమాటను మనము తరచుగా మరచుచున్నాము.

ఊగులాటను అణచు ఆ కట్టడికి, అనగా అవరోధమను ధర్మమునకు, మరియొక గుణము కలదు. అవరోధమేమియు లేని లోలకము తన్ను మొదట ఎవరెట్లు కదిపిరో ఆ సంగతిని ఎన్నటికిని మరువదు. అవరోధము కలదానిని బయటిబలము లయబద్ధముగా ప్రేరేపించుచున్నచో, ఆ మొదటి కదలిక క్రమముగా క్షీణించి, తుదకు ప్రేరకబలము యొక్క లయ మాత్రమే దానియందు మిగులును. వాసనాక్షయమని పెద్దలు చెప్పినదానికి ఇంతకంటె స్పష్టమైన చిత్రమును నేనెక్కడను చూడలేదు. క్షయించినది వాసన; చలనము కాదు. గీతయందు నిశ్చలతకు రెండుపమానములు కలవు: గాలి సోకనిచోటి దీపమొకటి, నదులన్నియు వచ్చి కలియుచున్నను హద్దు మీరని సముద్రమొకటి. దీపము నిలిచినది గాలి లేకపోవుటచేత. సముద్రము నిలిచినది సమస్తమును లోనికి తీసికొనియు. నా మనస్సునకు హత్తుకొన్నది సముద్రమే.

మరి మీటిన తీగె కంపనము ఎందుకు తరుగును? దాని శక్తిలో కొంత తీగెలోని రాపిడిచే వేడిమియగును. కొంత గుఱ్ఱము మీదుగా పలకను కదిపి, కుండలోని గాలిని కదిపి, మన చెవిని చేరును. అనగా తీగె కోల్పోయిన దానిలోని ఒక భాగమే మనము విను నాదము. ఏమియు కోల్పోని తీగె యుండినచో అది కల్పాంతమువరకు కంపించుచుండును, ఎవరికిని వినబడకుండ.

ఆ బిడ్డ పోయిన సాయంకాలము మా తండ్రిగారు స్నానము చేసి, సంధ్యవార్చి, దీపము వెలిగించి, తంబుర నెత్తుకొనిరి. మొదట ఆయన గొంతు వణికినది. పంచమము కుదురుకొనుసరికి గొంతును కుదురుకొన్నది. చీకటి పడిన పిమ్మట ఆ బిడ్డ తండ్రి వచ్చి, ఒక్క మాటయు పలుకక, మా వీధియరుగుపై కూర్చుండెను. అతడు లేచిపోవువరకు ఆయన మీటుట ఆపలేదు.