ఎవరి స్వదేశము?

పఠించవలసిన భాగములు: నిర్గమకాండము 4:18-20; ఆదికాండము 31:1-16



గల్ఫు దేశములకు పోయినవారు క్షేమముగా తిరిగి వచ్చినప్పుడు ఇంట స్తుతి కూడిక పెట్టించుకొనుట మన సంఘములలో వాడుక. కీర్తనలు పాడుదుము, వాక్యము చెప్పుదుము, ఇంటివారు కృతజ్ఞతార్పణ చెల్లింతురు, భోజనములు చేసి ఇండ్లకు పోవుదుము. అటువంటి కూడిక ఒకటి 2021వ సంవత్సరమున మా గ్రామములో జరిగెను. ఆ రాత్రి విన్న ఒక మాట మమ్మును నేటివరకు విడువలేదు. ఆ కుటుంబమువారి సమ్మతితోనే, పేర్లు చెప్పక, దీనిని వ్రాయుచున్నాము.

ఆ సహోదరుడు మా పేటలో పుట్టి పెరిగినవాడు. దుబాయిలో పదునాలుగేండ్లు కరెంటు పని చేసెను. అక్కడనే ఫిలిప్పీన్సు దేశస్థురాలిని వివాహమాడెను. ఒక కుమారుడు, ఒక కుమార్తె. 2020లో కరోనా వలన పని పోయెను. ఇక్కడ తండ్రి మంచము పట్టెను. మరుసటి యేట భార్యాబిడ్డలతో వచ్చివేసెను. కూడికలో మేము లేచి, దేవుడు ఈ నలుగురిని చల్లగా స్వస్థలమునకు చేర్చినందుకు స్తోత్రము చెల్లించితిమి. అందరు ఆమేన్ అనిరి. ఆమె అనలేదు. భాష తెలియక అనలేదని తలంచితిమి. భోజనములయిన తరువాత భర్త మా ప్రార్థనను ఆమెకు ఇంగ్లీషులో చెప్పగా ఆమె మాతో, "పాస్టర్, ఆయన ఇంటికి వచ్చారు. మేము ముగ్గురం ఇంటినుండి వచ్చాము" అనెను. కోపముతో అనలేదు. చిట్టాలో తప్పు పడిన అంకెను చూపినట్లు అనెను.

అంకె నిజముగానే తప్పు పడినది. ఒకే విమానము, ఒకే త్రోవ. ఒకరికి అది రాక, ముగ్గురికి పోక. మేము నలుగురి పక్షమున ఒకరి స్తోత్రమును చెల్లించితిమి.

ఇంటికి వచ్చి నిర్గమకాండము తెరచితిమి. మోషే ఐగుప్తులో పుట్టినవాడు. మిద్యానుకు పారిపోయి, యిత్రో కుమార్తెయైన సిప్పోరాను వివాహమాడి, బిడ్డలను కనెను. తరువాత ఆమెను, కుమారులను గాడిదపై ఎక్కించుకొని తాను పుట్టిన దేశమునకు బయలుదేరెను. ఎన్నిసార్లు ఈ అధ్యాయము ప్రసంగించితిమో లెక్కలేదు. మండుచున్న పొదను గూర్చి చెప్పితిమి, కఱ్ఱను గూర్చి చెప్పితిమి. గాడిదపై కూర్చున్నవారిని గూర్చి ఒక్కనాడును చెప్పలేదు. పెద్ద కుమారుని పేరు గెర్షోము. మోషే తాను పరదేశములో పరాయివాడుగా నుంటినని ఆ పేరు పెట్టెను. అయితే గెర్షోముకు మిద్యాను పరదేశము కాదు. అతడు అక్కడ పుట్టినవాడు. ఐగుప్తు త్రోవ పట్టిన దినముననే తండ్రి బాధనుబట్టి పెట్టిన పేరు కుమారునికి నిజమాయెను.

ఇది మన జిల్లాలకు క్రొత్త సంగతి కాదు. మన తాతలకాలమున వేలాదిమంది తెలుగువారు ఓడలెక్కి రంగూనుకు కూలికి పోయిరి. కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు తెలుగువారినందరిని కోరంగీలనిరి. 1942లో జపాను సేనలకు వెరచి అడవులగుండ నడచి వచ్చినవారున్నారు. 1962లో సైనికుల ప్రభుత్వము వచ్చి, 1964లో అంగళ్లను జాతీయము చేసిన తరువాత ఓడలలో వచ్చినవారున్నారు. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. బర్మా భార్యలను వెంటబెట్టుకొని వచ్చినవారుండిరి, అక్కడనే విడిచివచ్చినవారును ఉండిరి. విడిచివచ్చినవారి కథ మన వీధి అరుగులమీద ఎవరును చెప్పుకొనరు.

మా సహోదరుడు విడిచిరాలేదు. అది మెచ్చదగినది. అయితే అతడు చెప్పనిది ఒకటున్నది. మామిడితోటను గూర్చి, కాలువను గూర్చి, క్రిస్మసునాటి దీపములను గూర్చి భార్యకు ఎంతో చెప్పెను. ఊరు వేరు, పేట వేరు అని చెప్పలేదు. మన ఇండ్లు, మన గుడి కాలువకు ఈవలనే ఎందుకున్నవో చెప్పలేదు. దుబాయిలో అతడు ఇండియావాడు, అంతే. పదునాలుగేండ్లు అంతే. కుమారుని బడిలో చేర్చునప్పుడు కులము వ్రాయవలసిన గడి వచ్చెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వునుబట్టి మనవారిలో క్రీస్తును నమ్మినవారు షెడ్యూల్డు కులముల జాబితాకు వెలుపలనుందురు. మన రాష్ట్రములో బి.సి.-సి అని వ్రాయుదురు. ఈ లెక్క మనకు తెలియును. ఆమె, "అంటే ఏమిటి?" అని భర్తనడిగెను. అతడు చెప్పలేక మా యొద్దకు తీసికొనివచ్చెను. మేము చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, "నా కొడుకు కూడానా?" అనెను.

ప్రియులారా, ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోతిమి. మోషే కుమారులు మిద్యానులో స్వతంత్రులు. ఐగుప్తులో తండ్రి జనులు ఇటుకలు చేయు దాసులు. స్వతంత్రముగా పుట్టిన బిడ్డలను దాసుల వీధికి తీసికొని పోవుటకు తండ్రికి అధికారమున్నదా? నా వారు కష్టములోనున్నారు, నేను పోవలెను అని మోషే తలంచుట న్యాయమే. మంచము పట్టిన తండ్రియొద్దకు మా సహోదరుడు వచ్చుట న్యాయమే. రాకపోయినయెడల మనమే తప్పుపట్టియుందుము. అయితే ఒకని న్యాయమునకు మరి ముగ్గురు వెల చెల్లించినప్పుడు ఆ న్యాయము ఒక్కని సొత్తుగా నుండకూడదు. మోషే పోవుటకు ముందు మామయైన యిత్రోను సెలవడిగెను. సిప్పోరాను అడిగినట్లు వ్రాయబడలేదు. వ్రాయబడనిదానినిబట్టి మోషేను నిందింపము. తరువాత పదునెనిమిదవ అధ్యాయములో, ఆమెను పుట్టింటికి పంపివేసియుండెననియు, యిత్రో ఆమెను కుమారులతో మరల తీసికొని వచ్చెననియు చదువుదుము. ఎందుకు పంపెనో వాక్యము చెప్పదు గనుక మేమును చెప్పము.

వ్రాయబడినది మరియొకటున్నది. యాకోబు లాబాను ఇంటినుండి తన దేశమునకు తిరిగిపోవలసివచ్చినప్పుడు, పొమ్మని దేవుడే సెలవిచ్చియుండెను. ఇక అడుగుటకేమున్నది? అయినను అతడు రాహేలును లేయాను మంద యొద్దకు, పొలములోనికి పిలిపించెను. లాబాను ముఖము మారినదని చెప్పెను, జీతము పదిమార్లు మారినదని చెప్పెను, దేవుడు చెప్పినది చెప్పెను. చెప్పి, వారి మాటకొరకు కనిపెట్టెను. వారిద్దరు ఆలోచించి, తమ తండ్రి తమ్మును పరాయివారినిగా చూచెననియు, ఆ ఇంట తమకిక పాలు లేదనియు, దేవుడు చెప్పినట్లు చేయుమనియు చెప్పిరి. దేవుని ఆజ్ఞ చేతిలోనున్నవాడు భార్యల నడిగెను. మనమో, దేవుని చిత్తము అను మాటను నోరు మూయించుటకు వాడుదుము. అడిగినంతమాత్రమున త్రోవ సులువు కాలేదు. రాహేలు ఆ త్రోవలోనే, బేత్లెహేము దాపున, ప్రసవమందు మరణించెను. అయినను ఆ త్రోవ ఆమెకు తెలిసి నడచినది.

నయోమియు అంతే. తన వెంట వచ్చుట వలన కోడండ్రకు కలుగు లాభమేమియు లేదని త్రోవలో నిలిచి విప్పి చెప్పెను. అంత నష్టము విన్నతరువాత రూతు వచ్చెను గనుకనే ఆమె రాకకు ఆ విలువ. మామిడితోట మాత్రమే చెప్పి తీసికొని వచ్చినవానికి రూతు దొరికినను, ఆమె రూతని తెలియదు.

మా సహోదరునితో ఈ మాట అంటిమి. అతడు ఏడ్చెను. "చెప్తే రాదని భయపడ్డాను అయ్యగారూ" అనెను. ఈ మాటలోని నిజమును మేము గౌరవించుచున్నాము. అయితే ఆ భయమే అడుగవలసినదని సాక్ష్యమిచ్చుచున్నది.

మరియొక సంగతి. ఇంటికి చేరిన పురుషుడు తరచుగా మరల కుమారుడైపోవును. తల్లి వండినది తినును, తల్లి చెప్పినది వినును, అరుగుమీద బాల్యస్నేహితులతో కూర్చుండును. ఆదికాండము రెండవ అధ్యాయము తలిదండ్రులను విడువవలసినది పురుషుడని చెప్పుచున్నది. మన దేశాచారములో విడుచునది స్త్రీ. వాక్యమును ప్రక్కకు త్రోసి ఆచారమును పెండ్లిలో పాడుకొనుచున్నాము. తండ్రియింటికి తిరిగి వచ్చిననూ, అతడు భార్యను హత్తుకొని తలిదండ్రులను విడిచినవాడుగానే ఆ గుమ్మములో అడుగుపెట్టవలెను.

ఆ అత్తగారు చెడ్డది కాదు. మనుమరాలు వచ్చిన దినమున "లోలా, లోలా" అని చేతులు చాచగా, తన చెవుల లోలాకులు అడుగుచున్నదనుకొని ఒకటి తీసి ఇచ్చెను. వారి భాషలో లోలా అనగా నాయనమ్మ, అమ్మమ్మ. మనుమడు ఆమె చేయి పట్టి తన నుదుట తాకించుకొనగా జ్వరమేమోయని చూచెను. అది వారిలో పెద్దలకు చేయు వందనము. కోడలు చేప వేసి చింతపండుతో సినిగాంగ్ అను పులుసు కాచినప్పుడు, "పులుసంటే పులుసే గాని, పిల్ల మిరపకాయ మరచిపోయింది" అనెను. ఇప్పుడు రెండు గిన్నెలు దింపుదురు. వారి భాషలో ముఖమును ముఖా అందురట, ఆశను ఆసా అందురట. పూర్వకాలమున సంస్కృతమునుండి పోయిన మాటలు. ఆ సంగతి తెలిసిన దినమున అత్తగారు పేటంతయు తిరిగి చెప్పెను.

ప్రభుత్వపు కాగితములు అంత త్వరగా కలియవు. కుమారుని జననమును భారత కాన్సులేటులో ఏడాదిలోగా నమోదు చేయించిరి గనుక అతడు మన దేశస్థుడు. కుమార్తె తల్లి దేశములో పుట్టి ఆ దేశపు పాస్‌పోర్టు పొందెను. ఒక్క కంచములో తినుచున్న ఇద్దరిలో ఒకరు స్వదేశి, ఒకరు విదేశి. వివాహము నమోదై రెండేండ్లు నిండిన విదేశీ భార్యకు ఓసీఐ కార్డు దొరకును. ఓటుండదు, వ్యవసాయభూమి కొనుటకు వీలుండదు. పూర్తి పౌరసత్వమునకు, దరఖాస్తుకు ముందు ఏడేండ్లు ఇక్కడ కాపురముండవలెను. అప్పుడును పుట్టిన దేశపు పౌరసత్వమును వదలుకొనవలెను. యాకోబు రాహేలు కొరకు ఏడేండ్లు కొలువు చేసెను. ఇక్కడ కొలువు రాహేలుది.

ప్రభుత్వమునకు చట్టమున్నది. సంఘమునకేమున్నది? ఆమె రోమను కథోలిక సంఘములో బాప్తిస్మము పొందినది. ఆరాధనలో సిలువ గురుతు వేసికొనగా కొందరు సహోదరీలు మోచేతులతో పొడుచుకొనిరి. సంఘపెద్దలలో ఒకరు ఎజ్రా గ్రంథము పదియవ అధ్యాయము చూపి, అన్యస్త్రీలను వెలివేసిరి కదా అనిరి. ఆ అధ్యాయము కఠినమైనది. ఆ స్త్రీలలో బిడ్డల తల్లులుండిరని దాని చివరి వచనమే చెప్పుచున్నది, మేము దానిని తేలికగా చదువలేము. అయితే అక్కడి వాదము విగ్రహములను గూర్చి, అన్యజనుల హేయకృత్యములను గూర్చి. అవిశ్వాసియైన భార్య కాపురమునకు సమ్మతించినయెడల ఆమెను విడువరాదనియు, బిడ్డలు పవిత్రులనియు పౌలు కొరింథీయులకు వ్రాసెను. విశ్వాసికి అంతకంటె తక్కువ చేయుదుమా? మోషే వివాహమాడిన కూషు స్త్రీ నిమిత్తము మిర్యాము గొణిగినప్పుడు, పాళెము వెలుపల ఏడు దినములుండినది కూషు స్త్రీ కాదు, మిర్యామే.

ఇది మేము పెద్దలతో వెంటనే అనియుండవలసినది. అనలేదు. ఆమెకు తెలుగు రానిమ్ము, తరువాత ప్రభువు బల్ల సంగతి చూతమంటిమి. మోషే తన నోటిమాంద్యమును సాకుగా చెప్పుకొనెను. మేము పరాయిదాని నోటిమాంద్యమును సాకుగా చెప్పుకొంటిమి. రెండు నెలలు ఆమె బిడ్డలతో వెనుక చాపమీద కూర్చుండగా మేము రొట్టె విరిచితిమి. మూడవ నెలలో ఆమెను పిలిచితిమి. ఆమె వచ్చెను. ఆ రెండు నెలలను గూర్చి ఆమె ఏమియు అనలేదు. మేము క్షమాపణ అడిగితిమి.

బిడ్డ కులపు గడిని గూర్చి మాకిప్పటికిని జవాబు లేదు. కాలువకు ఈవల పుట్టిన మనము దానికి అలవాటు పడితిమి. ఆమె అలవాటు పడలేదు. ఆమె అడుగుటవలన మా యువజనులును అడుగుచున్నారు. కొందరు పెద్దలకు అది నచ్చలేదు. మాకు నచ్చినది.

ఫిలిప్పీన్సులో డిశంబరు 16 మొదలు 24 వరకు తొమ్మిది దినములు తెల్లవారకముందే లేచి గుడికి పోవుదురట. ఈ యేడు మన గుడి తలుపు నాలుగు గంటలకు తీయుదురాయని ఆమె అడిగెను, ఈసారి తెలుగులోనే. పెద్దలు ఒప్పుకొనిరి. అత్తగారు టీ కాచి తెత్తుననెను. ఎందరు వత్తురో చూడవలెను.