ముందిచ్చిన సొమ్ము

సౌదీ అరేబియాలో, అసీరు పర్వతములపై సుమారు 2,200 మీటర్ల ఎత్తున నున్న అభా నగరమున తెలుగువాడు కారు కొనబోవును. వ్యాపారి పూర్తి వెల ముందే కోరును. బండి పిదప వచ్చునట. ఇట్లు కోరుట ధర్మమేనా?

ఆ దేశమున ఇది పాత ప్రశ్న. ప్రవక్త కాలమున మదీనాలో ఖర్జూరములకు రెండు మూడేండ్లు ముందుగ సొమ్మిచ్చెడివారు. ఇస్లాము ధర్మశాస్త్రము దానిని 'సలమ్' అను పేర అంగీకరించినది. వెల యంతయు ఒప్పందమునాడే చెల్లవలెను. సరుకు రకము, పరిమాణము, గడువు ముందే తేలవలెను. గడువునాటికి సరుకు దొరకనిచో వేచియుండుటయో, సొమ్ము మరల పుచ్చుకొనుటయో కొనువాని ఇష్టము. అంగడిలో కన్నులయెదుట నిలిచిన ఫలానా కారునకు మాత్రము ఇది వర్తింపదు. దానికి సొమ్ము, తాళము ఒక్కమారే చేతులు మారుట మేలు.

కావున దోషము ముందు పుచ్చుకొనుటలో లేదు, గడువు చెప్పక పుచ్చుకొనుటలో నున్నది. సొమ్ము ముట్టిన క్షణమునుండి వ్యాపారి ఋణస్థుడు; ఋణస్థుడు ఋణదాతను తన గుమ్మము చుట్టు తిప్పుకొనుట తగదు.

కోరంగి రేవు దాటి మారిషసు చేరిన పూర్వులు ముందిచ్చినది సొమ్ము కాదు, చెమట. ఒక దినము పని తప్పిన రెండు దినముల కూలి కోసెడివారు. కూలియో, నెలలకొలది నిలిచెడిది. ఇచ్చిన చెమటను మరల పుచ్చుకొను దారి వారికి లేదు. అభాలోని కొనుగోలుదారునకు ఆ దారి తెరచియుండును, రసీదుపై బండి వచ్చు తేదీ వ్రాయించుకొనినచో.