ఓడ ఎప్పుడు ఎక్కవలెను?

ధ్యాన భాగము: అపొ. కార్యములు 27వ అధ్యాయము. 2 తిమోతి 4:9–21



పౌలు భక్తుడు దిగిన రేవులను ఓడమీద తిరిగి చూచి రావలెనను కోరిక నేడు కొందరు విశ్వాసులకు కలుగుచున్నది. అట్టివారు మొదట అడుగునది ఖర్చు ఎంత అని. రెండవది, ఏ నెలలో పోవలెను అని. మధ్యధరా సముద్రమున యాత్రికుల ఓడలు ముఖ్యముగా ఏప్రిలు మొదలు అక్టోబరు వరకు తిరుగును. జూలై, ఆగస్టు నెలలలో ఎఫెసు శిథిలముల రాతి వీధులలో నడచువారికి మన వేసవి ఎండలే జ్ఞాపకము వచ్చును. నవంబరు వచ్చిన తరువాత గాలివానలు హెచ్చును, ఓడలు తగ్గును. ఇనుప ఓడలు, యంత్రములు, గంటగంటకు వాతావరణ వార్తలు ఉన్న ఈ దినములలోనే ఇట్లుండగా, తెరచాపను నమ్ముకొనిన ఆ దినములలో ఎట్లుండెనో ఆలోచించుడి.

మనలో అనేకులము ఆ యాత్రకు ఎన్నడును పోము. అయినను ఎప్పుడు బయలుదేరవలెను, ఎప్పుడు ఆగవలెను అను ప్రశ్న మన యిండ్లలోనికి వచ్చుచునే యున్నది. కోత ఎప్పుడు కోయవలెను? పిల్లకు పెండ్లి ఈ యేడా, వచ్చే యేడా? కుమారుని గల్ఫు దేశమునకు ఇప్పుడే పంపవలెనా, అప్పు తీరిన తరువాతనా? ఈ ప్రశ్నలకు జవాబు వెదకుచు ఈ నెల మేము అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును మరల మరల చదివితిమి. అది తుపాను కథయని మనము పిల్లలకు నేర్పుదుము. నిజమే గాని, తుపానుకు ముందు ఒక రేవులో ఒక ఆలోచన సభ జరిగినది. మేము నిలిచిపోయినది అక్కడ.

ఆ కాలమున సముద్రమునకు తెరచియుండు నెలలును మూయబడు నెలలును ఉండెను. నాలుగవ శతాబ్దాంతమున వెగేతియ అను రోమీయుడు ఆ లెక్కను వ్రాసిపెట్టెను. మే 27 మొదలు సెప్టెంబరు 14 వరకు ప్రయాణము క్షేమము. అటుపిమ్మట నవంబరు 11 వరకు అపాయకరము. నవంబరు 11 మొదలు మార్చి 10 వరకు సముద్రము మూయబడినట్లే. దీనికి కారణము గాలివాన మాత్రమే కాదు. దిక్సూచి లేని ఆ నావికులు పగలు సూర్యుని, రాత్రి నక్షత్రములను చూచి దారి తెలిసికొనుచుండిరి. చలికాలపు మబ్బు ఆ రెంటిని కప్పివేయును. లూకా దినముల తరబడి సూర్యుడైనను నక్షత్రములైనను కనబడలేదని వ్రాయుట (27:20) ఊరకే వర్ణన కొరకు కాదు. తామెక్కడ ఉన్నారో వారికి తెలియలేదని దాని భావము.

పౌలు ఈ లెక్క బాగుగ ఎరిగినవాడు. ఆయన పత్రికలను ఈ దృష్టితో చదివి చూడుడి. కొరింథీయులకు వ్రాయుచు, పెంతెకొస్తు వరకు ఎఫెసులో ఉందుననియు, ఒకవేళ చలికాలము వారియొద్ద గడపుదుననియు చెప్పెను (1 కొరింథీ 16:6–8). తీతుకు వ్రాయుచు, చలికాలము నీకొపొలిలో గడుప నిశ్చయించితినని తెలిపెను (తీతు 3:12). యెరూషలేమునకు కడపటి ప్రయాణము చేసినప్పుడు పులియని రొట్టెల దినములైన తరువాత ఫిలిప్పీనుండి ఓడ ఎక్కెను (అపొ. కార్యములు 20:6); అది వసంతకాలము. పరిశుద్ధాత్మ నడిపింపును ఇంతగా ఎరిగిన మనుష్యుడు పంచాంగము చూచుట అవిశ్వాసమని తలంచలేదు. మేము పంచాంగమనునది మంచి ఘడియ, చెడు ఘడియ చూచు పంచాంగము కాదని వేరుగ చెప్పనక్కరలేదు గదా!

ఇప్పుడు కథకు వత్తము. ఖైదీయైన పౌలును యూలి అను శతాధిపతి కైసరయలో ఓడ ఎక్కించెను. ఎదురు గాలులవలన వారు కుప్ర చాటున సాగి, లుకియలోని మూర అను పట్టణము చేరి, అక్కడ ఇతలియకు పోవు అలెక్సంద్రియ ఓడ ఎక్కిరి. అది గోధుమల ఓడ. రోమా పట్టణపు జనుల ఆహారములో పెద్ద భాగము ఐగుప్తునుండి అట్టి ఓడలమీదనే వచ్చుచుండెను. మరల ఎదురు గాలి. అనేక దినములు మెల్లగా నడచి, క్రేతు దక్షిణ తీరమున మంచిరేవులు అను చోటికి వచ్చి చేరిరి. అప్పటికే యూదుల ఉపవాస దినము, అనగా సెప్టెంబరు అక్టోబరు నెలలలో వచ్చు ప్రాయశ్చిత్తార్థ దినము, దాటిపోయెను. సముద్రము మూయబడు కాలము దగ్గర పడెను.

అక్కడ సభ జరిగినది. పౌలు లేచి, ఇక పోవద్దు, పోయినయెడల సరకుకు, ఓడకు, ప్రాణములకు కూడ నష్టమని హెచ్చరించెను. నావికుడును ఓడ యజమానుడును పోదమనిరి. శతాధిపతి వారి మాట వినెను. యూలి చెడ్డవాడు కాడు. సీదోనులో పౌలు తన స్నేహితుల యొద్దకు పోవుటకు సెలవిచ్చిన దయగలవాడు. ఓడ సంగతి ఓడవానికి తెలియును గాని ఖైదీకేమి తెలియునని అతడు అనుకొనియుండును. మనమైనను అట్లే అనుకొందుము. అయితే ఆ ఖైదీ అంతకుముందే మూడు సారులు ఓడ పగిలిన శ్రమ అనుభవించి, ఒక రాత్రింబగళ్లు సముద్రములో గడపినవాడని (2 కొరింథీ 11:25) ఆ సభలో ఎవరైన అడిగి తెలిసికొనిరా? మన సంఘ సభలలోను ఇట్లే జరుగును. దెబ్బతిని నేర్చుకొనినవాడు వెనుక బల్లమీద కూర్చుండును, అతనిని అడుగువారుండరు.

యజమానునికి తొందర ఎందుకో ఊహింపవచ్చును. ధాన్యము చేరిననే గదా సొమ్ము! దీనికి కొంతకాలము ముందు ఏలిన క్లౌదియ చక్రవర్తి, ధాన్యపు కొరతవలన, శీతకాలమున ఓడ నడుపు వర్తకులకు తుపానువలన కలుగు నష్టమును తానే భరింతునని మాట ఇచ్చెనని రోమా చరిత్రకారుడు సుయెతోనియ వ్రాసియున్నాడు. నష్టము తనది కానప్పుడు మనుష్యునికి ధైర్యము వచ్చును. ఆ ఓడలో ఉన్న 276 ప్రాణములకు ఎవడు పూచీ?

ఒక్క సంగతి ఇక్కడ గమనింపవలెను. ఆ చలికాలములోనే రోమా చేరవలెనని ఆ సభలో చెప్పిన వారున్నట్లు వాక్యములో లేదు. ఈ రేవు చలికాలము గడుపుటకు అనుకూలము కాదు, ఫీనిక్సు మంచి రేవు, అక్కడికి పోయి ఆగుదమనుటయే ఎక్కువమంది ఆలోచన. ఆ దూరము సుమారు 40 మైళ్లు. గాలి అనుకూలించిన ఒక్క పగటి ప్రయాణము. ఇంత కొంచెము దూరమునకు ఇంత ఆలోచన ఎందుకు అని వారనుకొనిరి. అప్పుడు దక్షిణపు గాలి మెల్లగా విసరెను. మన కోరిక నెరవేరినదని తలంచి లంగరు ఎత్తిరి.

ప్రియులారా, ఆ దక్షిణపు గాలిని గూర్చియే మేము వ్రాయగోరితిమి. మనము ప్రార్థన చేయుదుము. మన మనస్సు ముందే ఒక వైపు మొగ్గియుండును. ఇంతలో ఆ వైపుకే ఒక చిన్న గాలి వీచును. ఎవరో అప్పు ఇత్తుమందురు, ఏజెంటు వీసా వచ్చినదని కబురు పంపును. వెంటనే దేవుడు ద్వారము తెరచెనని సాక్ష్యము చెప్పుదుము. గాలి మారినప్పుడు ఆ మాట ఎవరికిని జ్ఞాపకముండదు.

ఇది ఇతరులను గూర్చి చెప్పుట కాదు. మా తప్పునే చెప్పుచున్నాము. మేము ఒక పల్లె సంఘములో పరిచర్య చేయు దినములలో మందిరము మట్టిగోడలమీద తాటాకు కప్పుతో నుండెను. దానిని తీసి పెంకు వేయవలెనని మా ఆశ. సంక్రాంతి దాటిన తరువాత మొదలు పెట్టుదము, ఇప్పుడు తుపానుల కాలమని ఒక వృద్ధుడైన సంఘపెద్ద చెప్పెను. ఆయన చదువు రానివాడు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తరువాత శవములు పూడ్చుటకు పోయి వచ్చినవాడు. అదే వారమున మేము ఎదురుచూడని కానుక కొంత వచ్చెను. ఇంకేమి, దేవుని చిత్తము తేటపడినదని ఆదివారము ప్రసంగము కూడ చేసితిమి. క్రిస్మసుకు క్రొత్త కప్పు క్రింద ఆరాధింతమని తాటాకు దింపించితిమి. పదకొండవ దినమున వాన పట్టెను. మూడు దినములు విడువలేదు. పడమటి గోడ తడిసి కూలెను. క్రిస్మసు ఆరాధన చింతచెట్టు క్రింద జరిగినది. గోడ పడిన ఉదయము ఆ పెద్ద పారయు గంపయు తీసికొని అందరికంటె ముందు వచ్చెను. నేను చెప్పలేదా అని అనలేదు. పౌలైతే అనెను (27:21). అని, వెంటనే ధైర్యము చెప్పెను. ఎవరి రీతి వారిది.

ఆ దినమునుండి ఈ అధ్యాయములో మమ్మును సిగ్గుపరచు సంగతి మరియొకటి. ఆ ఓడలో నీవు రోమాలో సాక్ష్యమియ్యవలెనని ప్రభువునుండి వాగ్దానము పొందినవాడు పౌలు ఒక్కడే (23:11). దేవుడు మాట ఇచ్చెను గనుక ఏ కాలమైన నేమి, ఏ గాలియైన నేమి, పోదమని చెప్పుటకు ఎవనికైన హక్కుండినయెడల అది ఆయనకే. వాగ్దానము లేనివారు పోదమనిరి. వాగ్దానము గలవాడు ఆగుదమనెను. ప్రభువు ఆయనకు రోమా అని ఊరి పేరు చెప్పెను గాని నెల చెప్పలేదు. నెల తెలిసికొనుటకు ఆయనకు కన్నులు, అనుభవము, ఉపవాస దినము దాటిన లెక్క ఇచ్చెను.

తుపాను సంగతి మీకు తెలియును. ఊరకులోను అను గాలి ద్వీపముమీదనుండి విసరెను. మూడవ దినమున ఓడ సామగ్రి పారవేసిరి. కడకు ఏ గోధుమల కొరకు తొందరపడిరో ఆ గోధుమలే సముద్రము పాలాయెను. పదునాలుగవ రాత్రి నేల దగ్గరపడెను. జేమ్సు స్మిత్ అను స్కాట్లండు దేశస్థుడు, తానే ఓడ నడపిన అనుభవము గలవాడు, 1844–45 చలికాలము మాల్టాలో ఉండి ఈ సంగతి పరిశోధించి 1848లో గ్రంథము ప్రచురించెను. కౌద ద్వీపమునుండి అట్టి ఓడ కొట్టుకొనిపోయినయెడల పదునాలుగవ దినమునకే మెలితే, అనగా మాల్టా, చేరునని అతని లెక్క. ఓడ పోయెను, 276 మందియు బ్రదికిరి. ప్రాణనష్టము కూడ కలుగునని పౌలు మొదట చెప్పిన మాట ఆ మట్టుకు నెరవేరలేదు. దేవుడు ఆ ప్రాణములను ఆయనకు అనుగ్రహించెను. వినని వారిని కూడ దేవుడు విడువలేదు. పిమ్మట వారు మెలితేలో మూడు నెలలు ఆగి, కాలము చూచియే ఓడ ఎక్కిరి. మంచిరేవులలో ఆగనొల్లనివారు ఏమియు లేకుండ అంతకాలము అక్కడ ఆగవలసివచ్చెను.

అయితే ఆగుటయే ఎల్లప్పుడు భక్తియని మేము చెప్పుట లేదు. ఇదే పౌలు, రోమా చెరసాలలో కడపటి దినములలో, చలికాలము ప్రవేశింపకముందే బయలుదేరి రమ్మని తిమోతిని బతిమాలెను (2 తిమోతి 4:21). త్రోయలో కర్పునొద్ద విడిచిన అంగీని, పుస్తకములను తెమ్మనెను. లూకా మాత్రమే దగ్గర ఉండెను. తిమోతి పదిహేను దినములు ఆలస్యము చేసినయెడల సముద్రము మూయబడును. మార్చి వరకు ఓడ లేదు. అంతవరకు పౌలు ఉండునా?

మా సంఘపెద్ద కప్పు వేసిన మరుసటి యేట మంచము పట్టెను. ప్రభురాత్రి భోజన సంస్కారము తీసికొనవలెనని మనుమనిచేత కబురు పంపెను. ఆ వారము మాకు సభలుండెను. ఆదివారము దాటిన తరువాత వత్తుమని చెప్పి పంపితిమి. మంగళవారము మేము పోవునప్పటికి సమాధిమీద మట్టి ఇంకను తడిగానే యుండెను. కప్పు వేయుటకు ఆగవలసినప్పుడు తొందరపడితిమి. రెండు మైళ్లు నడచి పోవలసినప్పుడు ఆగితిమి.

తిమోతి యైనను అంగీ తీసికొని, పుస్తకములు మూట గట్టుకొని, సముద్రము మూయబడకముందే ఓడ ఎక్కెనని మేము తలంచగోరుదుము.