చట్రమున కెంతవఱకు విధేయత?

తన యింటి కొట్టములో తానే విమానమును కట్టుకొని, అందు భార్యనో బిడ్డనో కూర్చుండబెట్టుకొని యాకాశమున కెగయు గృహస్థులు అమెరికాదేశమున వేలకొలది గలరు. వీరి సంఘము 1953లో విస్కాన్సిన్ రాష్ట్రమున నేర్పడినది. భాగములను వ్యాపారులు పెట్టెలలో నింపి యమ్ముదురు. అయినను, గృహనిర్మితమని యనుమతి పొందవలెనన్న, పనిలో సగమునకు మించినది ఔత్సాహికులే తమ విద్యార్థమో వినోదార్థమో చేసియుండవలెనని యచ్చటి నియమము. మేము విమానము కట్టినవారము కాము, బడిపంతులము. అయినను ఈ పనిలోని యొక సాధనము చాలదినములుగా మా మనస్సు నాకర్షించుచున్నది. దానిని జిగ్గందురు.

జిగ్గనగా పనివస్తువును సరియైన తావున కదలకుండ పట్టియుంచు చట్రము. కొయ్యఱెక్కకు పక్కటెముకలవంటి రిబ్బులు పెక్కు కావలెను. బల్లపై రిబ్బు యొక్క నిజప్రమాణచిత్రమును గీసి, గీతల వెంబడి చిన్న దిమ్మెలను మేకులతో బిగింతురు. వాని నడుమ సన్నని బద్దల నమర్చి జిగురు పెట్టి, అది యారిన పిమ్మట రిబ్బును పైకి తీయుదురు. మొదటిది యెట్లో కడపటిదియు నట్లే యుండును. లోహవిమానములకు చట్రము మఱింత పెద్దది. 1979లో మొదట నెగిరిన ఆర్వీ-4 ఱెక్కను నిలువుచట్రమున బిగించి, దారమున వ్రేలాడు గుండుతోను రసమట్టముతోను సరిచూచి, పిదప రేకు కప్పి రివిట్లు కొట్టెడివారు.

ఇంత శ్రమ యేల? రేకు కప్పకముందు ఱెక్క సులభముగా మెలిదిరుగును. రివిట్లు పడినంతనే యది మూసిన గొట్టమువలె బిఱుసెక్కి, ఆ క్షణమున నున్న రూపమునే స్థిరముగ నిలుపుకొనును. మెలిక యున్నచో నదియు స్థిరమే. అట్టి విమానము ఎల్లప్పుడు నొకప్రక్కకు వాలుచుండును. వేగము తగ్గినపుడు, గాలికి హెచ్చుగా నెత్తబడిన ఱెక్క ముందుగా పట్టుదప్పి క్రుంగును.

ఇందొక ప్రశ్న పుట్టుచున్నది. పరు లేర్పఱచిన చట్రమున నొదిగి చేసిన పని స్వంతపని యగునా? అగునని మా యభిప్రాయము. ఒరవడి దిద్దని చేతికి స్వంతవ్రాత యెన్నడు నబ్బదు. చట్రము చేతికి నిలకడ నిచ్చును. పని మాత్రము చేయే చేయవలెను. కాని విధేయతకు హద్దేది?

ఒకప్పుడు మేము చిన్నతరగతికి ఒరవడి వ్రాసి యిచ్చుచు, తొందరలో ‘విద్యార్థి’ యను మాటలో థకారమునకు బదులు ధకారము వ్రాసితిమి. ముప్పదిమంది పిల్లలును ముత్యములవంటి యక్షరములతో ఆ తప్పునే దిద్దిరి. మిక్కిలి శ్రద్ధగలవాని పలకపై తప్పు మిక్కిలి యందముగా నుండెను. ఒక్క బాలిక మాత్రము వాచకము తెచ్చి, “పంతులుగారూ, ఇందులో వేరేగా ఉందండీ” యనెను. మేము ముందామెను గద్దించితిమి, పిమ్మట సిగ్గుపడితిమి.

వంకరచట్రమున చేసిన రిబ్బులన్నియు వంకరలే. పైగా అవి యొకదానితో నొకటి సరిపోవుటచేత వంకర కనబడదు. మా తాతలును, మేమును, మా యిరుగుపొరుగును ఒక్కతీరున నున్నాము గావున మా యాచారము సరియైనదే యను వాదమిట్టిది. సరిచూచుటకు చట్రమునకు వెలుపలిదొకటి కావలెను. వ్రేలాడు గుండు పనివాని వయస్సు నడుగదు, వంశము నడుగదు. భూమి యెటు లాగిన నటే నిలుచును. ఆచారమునకు అట్టి గుండేది? దానివలన బాధపడువారి మాటయే యని మాకు తోచుచున్నది. ఆ మాట చెప్పవచ్చిన బాలికను గద్దించుట గుండుదారమును త్రెంచుటయే.

రెండవది, విడుచుట. జిగురారకముందు తీసిన రిబ్బు వంగును; ఎన్నడును తీయని రిబ్బు ఱెక్కలో చేరదు. మన యిండ్లలో కుమారుని యౌవనము రాగానే విడుచుచున్నాము. కుమార్తెను చదివించియు, ఉద్యోగమున కనుపియు, వివాహము మాట వచ్చినంతనే మరల బిగించుచున్నాము. జిగురింకను ఆరలేదని సాకు చెప్పుదుము. ఇరువదియైదేండ్లకు ఆరనిచో దోషము జిగురుదా, పెట్టిన చేతిదా?

2001లో వచ్చిన ఆర్వీ-7 పెట్టెలలో రేకులకు రంధ్రములు కర్మాగారముననే కచ్చితముగా పొడిచియుండును. రంధ్రమునకు రంధ్రము కలిపినచో భాగములే తమ తావున కుదురుకొనును గనుక, పూర్వపు పెద్దచట్రముల యవసరము చాలవఱకు తీఱినది. వానిని విడిచినవారు పెద్దలకు ద్రోహము చేసినవారు కారు. పెద్దలు కోరినది తిన్నని ఱెక్క. అది నిలిచియే యున్నది. అయినను వివేకి రివిట్లు కొట్టకముందు మెలికను మరల కొలిచి చూచుకొనును. ఎగురునది చట్రము కాదు, తన బిడ్డ కూర్చున్న విమానమని యాతడెఱుగును. మన గృహములలో చట్రములను కట్టువారును కాపాడువారును ఈ సంగతి మఱవకుందురు గాక.